మగ్గం గుంటే మన మొదటి బడి
కోయంబత్తూరు, మదుర నేతవాడల్లో నేర్పు, ఉత్సాహం, పనిచోటు: ఒక చరిత్ర



సమాఖ్య వార్షికోత్సవ సంచికకు పాత సంగతులేవైనా రాయమన్నారు. వలస కథ రాద్దామా, గోత్రాల పట్టిక రాద్దామా అని ఆలోచిస్తున్నాను. ఆ వారమే మా మనవడు ఒక మాట తెచ్చాడు. వాడు కోయంబత్తూరు శరవణంపట్టిలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు.

"తాతా, ఈరోజు ఆఫీసులో రెండు గంటలు క్లాసు పెట్టారు. ఉద్యోగి పని ఎక్కువగా, బాగా చేయాలంటే మూడు కావాలంట. ఒకటి ట్రైనింగ్, రెండు మోటివేషన్, మూడు పనిచేసే వాతావరణం" అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. "ఈ మూడూ మీ ముత్తవ్వకు తెలుసురా. ఆమె ఏ కంపెనీలోనూ చేరలేదు" అన్నాను.

వాడూ నవ్వాడు. కాసేపాగి అడిగాడు: "అంత తెలిసినవాళ్ళమే కదా, మరి మన వీధిలో ఒక్క మగ్గమైనా ఎందుకు మిగల్లేదు తాతా?"

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మన పిల్లలకు పని మీద శ్రద్ధ లేదనీ, ఓపిక లేదనీ మనమే అంటూ ఉంటాం. మీటింగుల్లో కూడా అదే మాట. అది నిజమేనా? నూరేళ్ళ వెనక్కి వెళ్ళి చూస్తే నాకు వేరే జవాబు కనిపించింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

మనం ఇక్కడికి వచ్చిన తీరు

విజయనగర రాజుల కాలంలో, ఆ తరువాత మదుర నాయకుల కాలంలో తెలుగువాళ్ళు గుంపులు గుంపులుగా దక్షిణానికి దిగారు. 1529లో విశ్వనాథ నాయకుడు మదుర పీఠం ఎక్కాడు. ఆయన వంశంలో తిరుమల నాయకుడు 1623 నుంచి 1659 దాకా ఏలాడు. దండు వచ్చిన చోటికి రైతు వచ్చాడు, కొలువు ఉన్న చోటికి నేతగాడు వచ్చాడు. గుడికి పట్టు కావాలి, కొలువుకు శాలువా కావాలి, పల్లెకు పంచె కావాలి. దేవాంగులు, పద్మశాలీలు ఈ దారినే కొంగునాడు, పాండ్యనాడు చేరారు. మదురలో అప్పటికే పట్టునూలు నేసే సౌరాష్ట్రులు మనకు ఇరుగుపొరుగు అయ్యారు. వాళ్ళ మాటల్లో తెలుగు మాటలు చాలా ఉన్నాయి. ఒకప్పుడు వాళ్ళ పుస్తకాలను తెలుగు లిపిలో అచ్చు వేసుకునేవారు. మదుర చుంగిడి చీర వాళ్ళ చేతి పనితనమే. దానికి 2005లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది.

1909లో ఎడ్గార్ థర్స్టన్ దక్షిణాది కులాల గురించి రాసిన పెద్ద గ్రంథంలో దేవాంగుల గురించి చెబుతూ, వీళ్ళు తెలుగో కన్నడమో మాట్లాడే నేతవాళ్ళనీ, మద్రాసు రాజధాని అంతటా ఉన్నారనీ రాశాడు. కోయంబత్తూరులో ఇప్పటికీ అంతే. ఒక ఇంట్లో కన్నడం, పక్కింట్లో తెలుగు, వీధిలోకి వస్తే తమిళం. మన పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా, విజయదశమి నాడు రాజవీధి చౌడమ్మ గుడికి కత్తి వేస్తూ వచ్చే కుర్రవాళ్ళు "వేసుకో, తీసుకో" అనే కేకలు పెడతారు. ఆ రెండు మాటలూ తెలుగే. భాష ఎక్కడెక్కడ దాక్కుంటుందో చూడండి.

బడి లేని బడి

మనింట్లో నేత ఎవరూ పాఠం చెప్పి నేర్పలేదు. నాకు తెలిసిన క్రమం ఇది.

ముందు చిక్కు తీయడం. నూలు చిలప చిక్కు పడితే పిల్లల చేతికి ఇచ్చేవాళ్ళు. తెంపకుండా చిక్కు తీయాలి, అంతే. ఆ పనిలోనే వేలికి ఓపిక వచ్చేది. తరువాత రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టడం. కండె వదులుగా చుడితే నాడెలో పోగు జారిపోతుంది, మరీ బిగిస్తే తెగిపోతుంది. అది తాత చెప్పడు. నేస్తూ నేస్తూ ఆగి, కండె తీసి మన ముందు పడేస్తాడు. ఎవరు చుట్టారో ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అంతకు మించిన పరీక్ష లేదు.

తరువాత తెగిన పోగు ముడి వేయడం, పడుగు అచ్చుకు అతకడం. చివరికి ఒక సాయంత్రం తాత భోజనానికి లేచినప్పుడు, "నువ్వు కూర్చో, నాలుగు వేళ్ళ మేర నెయ్యి" అంటాడు. తిరిగి వచ్చి ఆ నాలుగు వేళ్ళ నేతను చేత్తో తడిమి చూస్తాడు. పేక ఒకచోట పలచగా, ఒకచోట దట్టంగా ఉంటే విప్పమంటాడు. బాగుంటే ఏమీ అనడు. ఏమీ అనలేదంటే "సెబాష్" అన్నట్టే.

ఇప్పటివాళ్ళ భాషలో చెప్పాలంటే ఇది దశలవారీ శిక్షణ. తప్పు అక్కడికక్కడ తెలుస్తుంది. నేర్పేవాడూ నేర్చుకునేవాడూ ఒకే గుడ్డ మీద బతుకుతారు కాబట్టి దాపరికం ఉండదు. కానీ ఒక లోపం కూడా చెప్పుకోవాలి. ఆ బడిలో చేరిన చాలామంది పిల్లలకు అసలు బడి దక్కలేదు. మా నాయన మూడో తరగతితో ఆగిపోయాడు. ఆ నష్టాన్ని మరిచి పాతకాలాన్ని పొగడడం న్యాయం కాదు. ఇంకో లోపం, ఆడపిల్ల కండెలు చుట్టేది, పడుగు పట్టేది, గంజి కాచేది. కానీ చాలా ఇళ్ళల్లో ఆమెను మగ్గం మీద కూర్చోబెట్టేవాళ్ళు కాదు. పని అంతా చేసేది, పేరు మాత్రం ఉండేది కాదు.

పావడి: వీధే పనిచోటు

ఆంధ్రలో పడుగు అంటారు, మనం ఇక్కడ తమిళంతో కలిసి పావు అంటాం. పావు పరిచే ఖాళీ స్థలం పావడి. సేలం, కోయంబత్తూరు వైపు నేతవాడల్లో ఈ మాట వీధి పేర్లలో ఇంకా బతికే ఉంది. వీధి అంత పొడుగున కర్రలు నాటి, పడుగు చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వాలి. ఎండ ఎక్కితే గంజి పెళుసు అవుతుంది, పోగు తెగుతుంది. అందుకే తెల్లవారకముందే లేవాలి. చెట్టు నీడ కావాలి. రెండు పక్కలా మనుషులు కావాలి. ఒక ఇంటివాళ్ళ వల్ల కాదు. ఈరోజు మా పావు, రేపు మీ పావు. ఇచ్చి పుచ్చుకోవడమే తప్ప డబ్బు లెక్క ఉండేది కాదు.

ఇంట్లో గుంత మగ్గం. కాళ్ళు గుంతలో, చేతులు నాడె మీద. గుంతలోని నేల చెమ్మ పడుగుకు తగులుతూ ఉంటే నూలు పోగు మెత్తగా ఉంటుంది, తెగదు. ఇది ఏ ఇంజనీరూ చెప్పకముందే మనవాళ్ళకు తెలుసు. తరువాత మిల్లులు వచ్చినప్పుడు ఇదే చెమ్మ కోసం షెడ్డులో యంత్రాలు పెట్టి నీటి తుంపర చల్లారు. పాలక్కాడు కనుమ గాలి వల్ల కోయంబత్తూరు వాతావరణం నూలుకు అనుకూలమని అందరూ అంటారు. గుంత మగ్గం ప్రతి ఇంట్లోనూ అలాంటి చిన్న కోయంబత్తూరును కట్టుకుంది.

అయితే ఆ గుంతకు ఇంకో ముఖం ఉంది. కార్తీకంలో ముసురు పట్టిందంటే గుంతలోకి నీళ్ళు ఊరేవి. మా అమ్మ చెంబుతో తోడి పోసేది, తెల్లారేసరికి మళ్ళీ నిండేది. ఆ పది పదిహేను రోజులు పొయ్యి మీదకు అప్పు తేవాల్సిందే. నడుం నొప్పి, మోకాళ్ళ వాపు, నలభై ఏళ్ళకే కళ్ళు మసక. పనిచోటు బాగుంటే పని ఎంత సాగుతుందో, చెడితే ఇల్లే ఎలా ఆగిపోతుందో మా అమ్మ చేతిలోని చెంబు చెప్పేది.

సేలం ఫ్యాక్టరీ నేర్పిన పాఠం

ఇప్పుడు మన రెండు ఊళ్ళ నుంచి కాస్త సేలం దాకా వెళ్ళాలి. మన నేత చరిత్రలో నేర్పు, ఉత్సాహం, పనిచోటు అనే మూడింటినీ మొదటిసారి ప్రభుత్వమే పరీక్షకు పెట్టింది అక్కడే. అక్కడి నేతవాళ్ళు మన చుట్టాలే కూడా.

1906లో ఆల్ఫ్రెడ్ చాటర్టన్ ఆధ్వర్యంలో మద్రాసు ప్రభుత్వం సేలంలో చేనేత ఫ్యాక్టరీ పెట్టింది. ఉద్దేశం మంచిదే. నేతగాళ్ళను ఒక కప్పు కిందకు తెచ్చి, మంచి మగ్గాలిచ్చి, ఎగిరే నాడె వాడించి, రోజుకూలీ ఇస్తే రాబడి పెరుగుతుందని లెక్క. ఎగిరే నాడెను ఇంగ్లాండులో జాన్ కే 1733లోనే కనిపెట్టాడు. అంతకుముందు నాడెను ఈ చేత్తో విసిరి ఆ చేత్తో పట్టాలి. ఇప్పుడు తాడు లాగితే నాడె దానంతట అదే పరిగెత్తుతుంది. ముతక, నడిమి రకం గుడ్డల్లో పని చాలా వేగం అవుతుంది.

ఏమైంది? నేతగాళ్ళు ఫ్యాక్టరీకి సరిగా రాలేదు. వచ్చినవాళ్ళు గంట ప్రకారం నిలవలేదు. ఆడవాళ్ళు, పిల్లలు చేయి సాయం చేసే తమ ఇంటి మగ్గమే వాళ్ళకు నచ్చింది. ఫ్యాక్టరీ క్రమశిక్షణ నచ్చలేదు. ప్రభుత్వం స్వయంగా పరిశ్రమలు నడపకూడదని లండన్ నుంచి మాట రావడంతో 1910లో ఆ ఫ్యాక్టరీ మూతపడింది.

ఆ కాలపు దొరలు కొందరు దీన్ని చూసి, నేతగాడు సోమరి, కొత్తదనం అంటే గిట్టదు అన్నారు. నిజంగా అంతేనా? అదే ఎగిరే నాడెను అదే నేతగాళ్ళు తరువాతి సంవత్సరాల్లో తమ ఇళ్ళల్లో పెట్టుకున్నారు. మద్రాసు రాజధాని అంతటా అది పాకింది. అంటే కొత్త పనిముట్టును మనవాళ్ళు కాదనలేదు. ఇంటిని విడగొట్టే పద్ధతిని కాదన్నారు.

లెక్క వేసి చూడండి. మగ్గం మీద ఒకరు కూర్చోవాలంటే వెనక ఇద్దరు ముగ్గురు పని చేయాలి. ఆ ఒక్కడిని తీసుకెళ్ళి ఫ్యాక్టరీలో కూర్చోబెడితే అతని కూలీ వస్తుంది, వెనకున్నవాళ్ళ పనికి విలువ లేకుండా పోతుంది. పండగకు, పెళ్ళికి, పావుకు సెలవు అడగాలి. కొడుక్కి నేర్పే వీలు ఉండదు. నాడె వేగం పెరిగింది గానీ ఇంటి రాబడి పెరుగుతుందన్న నమ్మకం కలగలేదు. నమ్మకం లేని చోట ఉత్సాహం ఎక్కడిది?

మిల్లు సంగు ఊదిన కాలం

కోయంబత్తూరులో 1888లో స్టేన్స్ దొర స్పిన్నింగ్ మిల్లు పుట్టింది. 1910లో కుప్పుస్వామి నాయుడు లక్ష్మీ మిల్స్ పెట్టారు. 1932లో పైకారా కరెంటు రాగానే మిల్లులు వరసగా లేచాయి. మదురలో హార్వీ దొరల మిల్లు అంతకుముందే పంతొమ్మిదో శతాబ్దం చివర వచ్చింది. మన వీధుల్లో కాలం లెక్క మారిపోయింది. అంతకుముందు కోడి కూత, తరువాత మిల్లు సంగు.

మిల్లు మన తెలుగువాళ్ళకు చదువు కూడా తెచ్చింది. పీఎస్‌జీ సోదరులు 1926లో ఆస్తిలో ఒక వాటా ధర్మానికి తీసిపెట్టి పారిశ్రామిక శిక్షణ మొదలుపెట్టారు. అదే తరువాత 1951లో ఇంజనీరింగు కాలేజీ దాకా పెరిగింది. జి.డి. నాయుడు సంగతి అందరికీ తెలిసిందే. బళ్ళో పెద్దగా చదవని ఆ మనిషి మోటారు విప్పి బిగించి నేర్చుకున్నాడు. ఏళ్ళ తరబడి క్లాసులో కూర్చోబెట్టే బదులు చేత్తో పని చేయిస్తూ తక్కువ కాలంలోనే నేర్పొచ్చని వాదించాడు. ఆ వాదన విన్నప్పుడల్లా నాకు మా తాత కండె తీసి ముందు పడేయడమే గుర్తొస్తుంది. ఇద్దరిదీ ఒకే బడి.

కానీ షెడ్డు లోపల కథ వేరు. 1911 చట్టం వచ్చాకే బట్టల మిల్లుల్లో మగవాళ్ళ పనికి రోజుకు 12 గంటలన్న హద్దు ఏర్పడింది. 1922లో వారానికి 60 గంటలు, 1934లో 54, 1946లో 48 అయింది. పన్నెండు గంటలు దూది దుమ్ములో నిలబడిన మనిషి చివరి మూడు గంటల్లో ఎంత మంచి పని చేయగలడు? పనిగంటలు తగ్గించమని అడిగినప్పుడల్లా ఉత్పత్తి పడిపోతుందని భయపెట్టారు. గంటలు తగ్గినా మిల్లులు పెరుగుతూనే వచ్చాయి.

మా మేనమామ ఒక మిల్లులో బదిలీ కూలీగా చేరాడు. పర్మినెంటు మనిషి రాకపోతేనే ఆ రోజు పని. తెల్లవారుజామున గేటు దగ్గర నిలబడాలి, మేస్త్రీ ఎవరిని చూసి తల ఊపితే వాళ్ళు లోపలికి. ఆరేళ్ళు అలా నిలబడ్డాడు. ఆయన నేతలో మంచి పనివాడు, అంచు నేస్తే కత్తితో కోసినట్టు ఉండేది. ఆ నేర్పును అడిగినవాళ్ళు ఎవరూ లేరు. "లోపల ఏం నేర్చుకున్నావు మామా?" అంటే, "మేస్త్రీ మొహం చదవడం నేర్చుకున్నా" అనేవాడు.

ఆడకూలీలకు రక్షణ లేని రోజులు కూడా అవే. మిల్లు ఆడవాళ్ళను వేధించిన ఒక రౌడీ విషయంలో మొదలైన గొడవ చివరికి 1946 జనవరి 8న చిన్నియంపాళయం కార్మికులు నలుగురిని ఉరికంబం ఎక్కించింది. పనిచోటు అంటే గాలి, వెలుతురు మాత్రమే కాదు. మానంగా వెళ్ళి మానంగా తిరిగి రాగలగడం కూడా. ఆ మాట మన కోయంబత్తూరుకు చాలా ఖరీదు పెట్టి తెలిసింది.

ఇటీవలి కాలంలో "సుమంగళి" అనే పేరుతో ఇంకో రకం చూశాం. పెళ్ళి ఖర్చుకు మూడేళ్ళ తరువాత మొత్తంగా డబ్బు ఇస్తామని చెప్పి పల్లెల ఆడపిల్లలను స్పిన్నింగు మిల్లుల్లో అప్రెంటిసులుగా పెట్టుకున్నారు. పేరు శిక్షణ, చేసింది పూర్తి పని, చేతికొచ్చింది సగం కూలీ. శిక్షణ అనే మాట వినగానే మనం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: నేర్చుకునే రోజుల్లో పూట గడవడానికి ఎంత ఇస్తారు, నేర్చుకున్నాక ఎంత పెంచుతారు?

దొరలు మన ఇంటిని కనుక్కున్న రోజు

1953లో అహమ్మదాబాదులో ఒక సంగతి జరిగింది. అది ఇప్పుడు ప్రపంచంలోని మేనేజిమెంటు పుస్తకాల్లో ఉంది. మా మనవడి క్లాసులో చెప్పారో లేదో తెలియదు.

కాలికో మిల్సు వారి జూబిలీ మిల్లులో 224 ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. కొత్త యంత్రాలు, మంచి కప్పు, అన్నీ ఉన్నాయి. కానీ అనుకున్నంత గుడ్డ రాలేదు, చెడిపోయిన గుడ్డ ఎక్కువైంది. ఎందుకని? ఒకడు నేత చూస్తాడు, ఒకడు కండెలే నింపుతాడు, ఒకడు తెగిన పడుగే అతుకుతాడు, ఒకడు నూనె పోస్తాడు, ఇంకొకడు ఊడుస్తాడు. ఎవరి పని వాళ్ళదే. ఒక మగ్గం ఆగితే అది ఎవరి తప్పో ఎవరికీ తెలియదు.

లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి వచ్చిన ఎ.కె. రైస్ అనే పరిశోధకుడు ఒక సూచన చేశాడు. కొన్ని మగ్గాలకు ఒక చిన్న గుంపు, ఆ మగ్గాల పనంతా ఆ గుంపుదే. పనివాళ్ళు ఆ మాట వినగానే తమంతట తామే గుంపులుగా ఏర్పడ్డారు. ఒకరి పని ఒకరు నేర్చుకున్నారు, ఒకరికి ఒకరు అందుకున్నారు. రాబడి పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది. యంత్రాలు అవే, కప్పు అదే, మనుషులూ వాళ్ళే.

నేను ఈ సంగతి చదివినప్పుడు, ఇది మా ఇల్లే కదా అనిపించింది. కండెలు చుట్టే అవ్వ, పడుగు అతికే అమ్మ, నేసే నాయన, చిక్కు తీసే నేను. అందరిదీ ఒకే గుడ్డ. ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు ఆ పనిలోకి జరిగేవాళ్ళు. 1906లో సేలంలో నేతగాడు కాదనుకున్నది ఏమిటో 1953లో అహమ్మదాబాదు చెప్పింది.

సంఘం ఇచ్చింది, సంఘం ఇవ్వలేనిది

ఇల్లు ఒంటరిగా నిలవలేదు. నూలు ధర పెరిగితే షావుకారు దగ్గర బయానా, ఆ బాకీ తీరేదాకా ఆయన చెప్పిందే నేయాలి. దీనికి మందుగా సహకార సంఘాలు వచ్చాయి. 1935లో మద్రాసు రాజధాని చేనేత సహకార సంస్థ పుట్టింది, అదే ఈనాటి కో-ఆప్టెక్స్. అటు ఆంధ్రలో ప్రగడ కోటయ్యగారు జీవితమంతా నేతగాళ్ళ సంఘాల కోసం తిరిగారు. 1956 నుంచి చేనేత సేవా కేంద్రాలు వచ్చాయి. 1960లో సేలంలో చేనేత సాంకేతిక విద్యాసంస్థ వచ్చింది. వెంకటగిరిలోని విద్యాసంస్థకు కోటయ్యగారి పేరే పెట్టారు. మిల్లుల కోసం కోయంబత్తూరులో 1956లో సిట్రా అనే పరిశోధన సంస్థ ఏర్పడింది. సోమనూరు వంటి చోట్ల పవర్‌లూమ్‌వాళ్ళకు కూడా అది సేవా కేంద్రాలు నడుపుతోంది.

సంఘం వల్ల నూలు ఇంటికి వచ్చింది, మజూరీ ముందే తెలిసింది, బోనస్ వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. ఎంత వస్తుందో ముందే తెలిసిన చేయి వేగంగా కదులుతుంది.

కానీ ఒక పాఠం గుర్తుపెట్టుకోవాలి. 1976లో జనతా గుడ్డల పథకం వచ్చింది. పేదలకు చవక చీర, పంచె, నేతగాడికి ఏడాది పొడుగునా పని. ఆకలి తీరింది, నిజమే. కానీ ఏళ్ళ తరబడి ఒకే ముతక రకం నేసేసరికి సన్న నూలు, అంచు పని వచ్చిన చేతులు మొద్దుబారాయి. కొడుకులు తండ్రి దగ్గర అదే ముతక నేర్చుకున్నారు. ఆ పథకం ఆగిపోయాక ఆ ఇళ్ళకు వెనక్కి వెళ్ళే దారి తెలియలేదు. కోయంబత్తూరు కోరా చీర, నెగమం చీర నేసిన ఇళ్ళు అంతో ఇంతో నిలబడ్డాయంటే, ఆ చీరల్లో ఇంకా నేర్చుకోవాల్సింది మిగిలి ఉంది కాబట్టే. పని ఇవ్వడం ఒకటి, నేర్పు పెంచే పని ఇవ్వడం ఇంకొకటి.

మనవడికి నా జవాబు

ఇప్పుడు మనవడి ప్రశ్నకు వస్తాను. మగ్గం ఎందుకు మిగల్లేదు?

2019-20 జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో సుమారు 26 లక్షల 70 వేల మంది నేతగాళ్ళు, 8 లక్షల 50 వేల మంది అనుబంధ పనివాళ్ళు ఉన్నారు. నేతవాళ్ళలో నూటికి డెబ్బై మందికి పైగా ఆడవాళ్ళే. మూడింట రెండు వంతుల కుటుంబాలకు నెల ఆదాయం 5,000 రూపాయల లోపే. ఇంకేం చెప్పాలి? నాలుగేళ్ళు నేర్చుకుంటే తప్ప పట్టుబడని విద్యకు నెలకు ఐదు వేలు వస్తుంటే, చెమ్మ గుంతలో నడుం వంచమని ఏ తల్లి చెబుతుంది?

పవర్‌లూమ్ ఇళ్ళల్లోనూ అంతే. సోమనూరు, పల్లడం వైపు కూలీకి నేసేవాళ్ళు ఒప్పుకున్న కూలీ కోసమే మళ్ళీ మళ్ళీ మగ్గాలు ఆపాల్సి వస్తోంది. మాట ఇచ్చిన మజూరీ చేతికి రాకపోతే, ఎంత మంచి యంత్రమైనా మనిషిలో ఊపు తేలేదు.

కాబట్టి మన పిల్లలకు శ్రద్ధ లేదనడం తప్పు. మా మనవడు రాత్రి పన్నెండు దాకా కంప్యూటరు ముందు కూర్చుంటాడు. తాత మగ్గం ముందు కూర్చున్నట్టే. వాడికి అక్కడ నేర్పేవాళ్ళున్నారు, చేసిన పనికి లెక్క ఉంది, కూర్చోవడానికి మంచి కుర్చీ ఉంది. ఆ మూడూ మన మగ్గానికి ఒక్కొక్కటిగా దూరమయ్యాయి. శ్రద్ధ మాత్రం ఇంట్లోనే ఉంది, చోటు మారింది.

ఇంతా రాసి ఊరుకుంటే ఏం లాభం? వచ్చే సర్వసభ్య సమావేశంలో మన సమాఖ్య పెద్దలు ఈ నాలుగు మాటలు చర్చకు పెట్టాలని కోరుతున్నాను.

ఒకటి. కోయంబత్తూరు, సిరుముగై, నెగమం, మదుర సెల్లూరుల్లో ఇంకా నేస్తున్న పెద్దల చేతిపనిని సెల్‌ఫోనులోనైనా వీడియో తీసి దాచాలి. పడుగు అతకడం, గంజి పాకం, అంచు కట్టడం, వాటి పేర్లతో సహా. మన నేత మాటలు ఆ పనితోపాటే పోతున్నాయి.

రెండు. మజూరీ లెక్కలో కండెలు, పడుగు, అతుకు పనులకు వేరే గీత గీయాలి. ఆ డబ్బు చేసినవాళ్ళ ఖాతాలోనే పడాలి. అలా పడితే ఆ పని నేర్చుకోవడానికి కోడళ్ళు, కూతుళ్ళు ముందుకొస్తారు.

మూడు. ప్రతి మగ్గం ఇంటికీ ఏడాదికొకసారి వెళ్ళి నాలుగు చూడాలి: కప్పు కారుతోందా, గుంత పొడిగా ఉందా, మగ్గం మీద వెలుతురు సరిగా పడుతోందా, కంటి పరీక్ష అయిందా. తమిళనాడు ప్రభుత్వం చేనేత ఇళ్ళకు రెండు నెలలకు ఇచ్చే ఉచిత కరెంటును 2023లో 200 యూనిట్ల నుంచి 300కు పెంచింది. అది అందని ఇళ్ళు మన వీధుల్లోనే ఉంటే వెతికి దరఖాస్తు పెట్టించాలి.

నాలుగు. నేర్చుకోవడానికి వచ్చే పిల్లకో పిల్లాడికో, బడి చదువు అయ్యాకే సుమా, మొదటి ఏడాది పూర్తి భత్యం ఇవ్వాలి. ఆ డబ్బు మన పెళ్ళి మంటపాల మీద పెట్టే ఖర్చులో చిన్న వంతు. ఇవ్వలేమంటే నేర్చుకోమని చెప్పే హక్కు కూడా మనకు లేదు.

ఈ వ్యాసం అచ్చుకు పంపే ముందు మనవడికి చదివి వినిపించాను. చివరిదాకా విన్నాడు. "తాతా, మన అటక మీద ఉన్న నాడె ఇంకా పనిచేస్తుందా?" అన్నాడు. దింపి చూశాం. మొనలు తుప్పు పట్టాయి, కర్ర మాత్రం నున్నగా ఉంది. మా నాయన వేళ్ళు తగిలిన చోట కొంచెం అరిగింది. వాడు తన వేళ్ళు అక్కడే పెట్టి పట్టుకున్నాడు. ఎలా పట్టుకోవాలో నేను చెప్పలేదు.